చేదు దారి వేరు, పరిమళం దారి వేరు: హాప్స్ దట్టించిన బీర్‌ని అర్థం చేసుకోవడం

హాప్స్ అనే పూలు ఎక్కువ వేసిన బీర్ అనగానే చాలామందికి మొదట తట్టేది చేదు. క్యాన్ మీద ఐపీఏ (ఇండియా పేల్ ఏల్, హాప్స్ దండిగా వేసే బీర్ రకం) అన్న అక్షరాలు చూడగానే "మనకి చేదు పడదు" అని పక్కన పెట్టేసేవాళ్లున్నారు. ఎంత చేదుగా ఉంటే అంత గొప్ప బీర్ అని నమ్మేవాళ్లూ ఉన్నారు. చూడటానికి ఎదురెదురు పక్షాల్లా ఉన్నా, ఇద్దరూ పొరబడుతున్నది ఒకే దగ్గర. హాప్స్ బీర్‌లో రెండు పనులు చేస్తాయి: చేదునిస్తాయి, పరిమళాన్నిస్తాయి. ఈ రెండూ ఒకే పువ్వులోంచి వచ్చినా వేర్వేరు పదార్థాల వల్ల, తయారీలో వేర్వేరు దశల్లో వస్తాయి. చేదుని బాగా రాబట్టే పద్ధతి పరిమళాన్ని పోగొడుతుంది. పరిమళాన్ని కాపాడే పద్ధతిలో చేదు పెద్దగా దిగదు. ఈ ముడి విప్పుకుంటే, చిన్న బ్రూవరీ నుంచి వచ్చిన ఐపీఏ గ్లాసులో ఏం జరుగుతోందో చాలావరకు తేటపడుతుంది.

ముందు మొక్క సంగతి చూద్దాం. హాప్ అనేది గంజాయి కుటుంబానికి చెందిన తీగ. వేసవిలో పగలు బాగా పొడుగ్గా ఉండే చోట్ల, సుమారు 35 నుంచి 55 డిగ్రీల అక్షాంశాల మధ్య పండుతుంది. జర్మనీలో హాలెర్టౌ, అమెరికాలో యాకిమా లోయ, న్యూజిలాండ్‌లో నెల్సన్ ప్రాంతం దీనికి పేరుపడ్డాయి. బ్రూవర్లు వాడేది ఆడ మొక్కల పూలగుత్తుల్ని. లేత ఆకుపచ్చ రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. రేకు విప్పి చూస్తే దాని మొదలు దగ్గర పసుపు రంగు జిగురు పొడి కనిపిస్తుంది. దాని పేరు లుపులిన్. బీర్‌కి పనికొచ్చేదంతా దాదాపు అందులోనే ఉంది. చేదుకి మూలమైన ఆల్ఫా ఆమ్లాలూ, పరిమళానికి మూలమైన సుగంధ తైలాలూ ఆ పొడిలోనే పక్కపక్కన ఉంటాయి. ఎంతెంత ఉంటాయన్నది రకాన్ని బట్టి మారుతుంది. చెక్ దేశపు సాజ్ రకంలో ఆల్ఫా ఆమ్లాలు 3, 4 శాతం ఉంటే, అమెరికన్ రకమైన సిట్రాలో 11 నుంచి 13 శాతం దాకా ఉంటాయి. తైలాలు మాత్రం ఏ రకంలోనైనా కొద్దిగానే ఉంటాయి, చాలా రకాల్లో 3 శాతం కూడా దాటవు.

ఆల్ఫా ఆమ్లాలు పువ్వులో ఉన్న రూపంలో నీళ్లలో సరిగా కరగవు, అంతగా చేదుగానూ ఉండవు. మాల్ట్‌ని, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యాన్ని, వేడి నీళ్లలో నానబెట్టి తీసిన తీపి ద్రవాన్ని వర్ట్ అంటారు. దాన్ని మరిగించేటప్పుడు హాప్స్ వేస్తే, ఆ వేడికి ఆల్ఫా ఆమ్లాల అణువుల అమరిక మారి ఐసో-ఆల్ఫా ఆమ్లాలవుతాయి. ఇవి బాగా కరుగుతాయి. మనం బీర్‌లో చేదు అనేది ముఖ్యంగా వీటినే. ఈ మార్పుకి సమయం పడుతుంది. గంటసేపు మరిగించినా, వేసిన ఆల్ఫా ఆమ్లాల్లో మూడో వంతు బీర్‌లోకి చేరితే గొప్పే.

అదే గంటలో సుగంధ తైలాలు ఆవిరితోపాటు లేచిపోతాయి. వర్ట్ మరుగుతున్న బ్రూవరీ చుట్టుపక్కలంతా ఘుమఘుమలాడుతుంది, కానీ అది బీర్‌లోంచి వెళ్లిపోతున్న వాసన. కాబట్టి మరుగు మొదలవగానే వేసిన హాప్స్ దాదాపు చేదునే ఇస్తాయి. ఆఖరి పది నిమిషాల్లో వేస్తే చేదు తగ్గి పరిమళం కొంత మిగులుతుంది. మరుగు ఆపి, వర్ట్‌ని సుడి తిప్పుతూ 80 డిగ్రీల దగ్గరికి చల్లార్చాక వేస్తే చేదు ఇంకా తగ్గుతుంది, తైలాలు ఇంకా ఎక్కువ నిలుస్తాయి. చివరిది డ్రై హాపింగ్. ఈస్ట్ పని చాలావరకు పూర్తయ్యాక, మరిగించడమన్నదే లేకుండా బీర్‌లో నేరుగా హాప్స్ వేసి కొన్ని రోజులు వదిలేస్తారు. అక్కడ వేడి లేదు కనుక ఆల్ఫా ఆమ్లాలు రూపం మార్చుకోవు, పరిమళం మాత్రం దండిగా దిగుతుంది. ఇప్పటి క్రాఫ్ట్ (చిన్న బ్రూవరీల) ఐపీఏల్లో, ముఖ్యంగా మబ్బుగా ఉండే రకాల్లో, హాప్స్‌లో ఎక్కువ భాగం ఈ ఆఖరి రెండు దశల్లోనే పడతాయి. సంచులకొద్దీ హాప్స్ పోసిన బీర్ నోటికి మెత్తగా, పళ్లరసంలా తగలడానికి కారణం ఇదే.

డ్రై హాపింగ్‌లో ఒక మెలిక ఉంది. హాప్స్ ఎండి నిల్వ ఉన్నప్పుడు కొన్ని ఆల్ఫా ఆమ్లాలు గాలి తగిలి హ్యూములినోన్లుగా మారతాయి. ఇవి చల్లని బీర్‌లోనూ కరుగుతాయి. ఐసో-ఆల్ఫా ఆమ్లాల చేదులో సుమారు మూడింట రెండు వంతుల చేదు వీటికుందని ఓరెగాన్ స్టేట్ యూనివర్సిటీలో టామ్ షెల్‌హామర్ బృందం తేల్చింది. వేసిన హాప్స్ ఆకు అప్పటికే బీర్‌లో ఉన్న ఐసో-ఆల్ఫా ఆమ్లాల్ని కొంత పీల్చుకుంటుంది కూడా. అంటే డ్రై హాపింగ్ ఒక రకం చేదుని తీసేసి ఇంకో రకం చేదుని పెడుతుంది. మొత్తం మీద చేదు పెరుగుతుందా, తగ్గుతుందా అన్నది మొదట బీర్ ఎంత చేదుగా ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది.

హాప్స్ పెంచుతూ పోతే పరిమళం కూడా అదే లెక్కన పెరుగుతుందనుకోవడం సరికాదు. అదే యూనివర్సిటీలో క్యాస్కేడ్ రకంతో చేసిన అధ్యయనం 2018లో అచ్చయింది. లీటర్‌కి 8 గ్రాములు దాటాక వాసన పెరగడం మందగించింది, పైగా దాని స్వభావం మారింది. నారింజ, నిమ్మ వాసనలు వెనక్కి తగ్గి, ఆకు వాసన, టీ వాసన ముందుకొచ్చాయి. రెండింతలు డ్రై హాపింగ్, మూడింతలు డ్రై హాపింగ్ అని లేబుల్ మీద గర్వంగా రాసుకునే బీర్లని చూసినప్పుడు నాకు ఈ సంగతే గుర్తొస్తుంది. ఎక్కువ వేయడం చాతుర్యం కాదు. ఎక్కడ ఆపాలో తెలిసిన బ్రూవర్ మీద నాకు గౌరవం ఎక్కువ.

ఇక చేదు ఎంతో చెప్పడానికి లేబుల్ మీద వేసే ఐబీయూ అంకె. దీనంత అపార్థాలకి దారితీసిన కొలత బీర్ ప్రపంచంలో ఇంకోటి లేదనిపిస్తుంది. స్థూలంగా ఒక ఐబీయూ అంటే లీటర్ బీర్‌లో ఒక మిల్లీగ్రాము ఐసో-ఆల్ఫా ఆమ్లాలు. ల్యాబ్‌లో కొలిచేటప్పుడు బీర్‌కి ఆమ్లం కలిపి, ఐసో-ఆక్టేన్ అనే ద్రావణిలోకి చేదు పదార్థాల్ని లాగి, 275 నానోమీటర్ల కాంతిని అది ఎంత పీల్చుకుంటుందో చూస్తారు. ఆ కాంతిని ఐసో-ఆల్ఫా ఆమ్లాలే కాదు, హ్యూములినోన్లు, పాలీఫినాల్స్ అనే వగరు పదార్థాలు, మారకుండా మిగిలిపోయిన ఆల్ఫా ఆమ్లాలు కూడా పీల్చుకుంటాయి. పాతకాలపు లాగర్‌కి ఈ కొలత బాగానే సరిపోయేది. విపరీతంగా డ్రై హాపింగ్ చేసిన ఐపీఏలో అంకె ఒకటి చెబుతుంది, నాలుక ఇంకోటి చెబుతుంది. అసలు చాలా చిన్న బ్రూవరీలకి ల్యాబ్ ఉండదు. అవి అచ్చు వేసేది కొలిచిన అంకె కాదు, రెసిపీ నుంచి సూత్రంతో లెక్కకట్టినది.

అంకె కచ్చితంగా ఉన్నా చేదు ఎంత తెలుస్తుందన్నది మిగతా బీర్ మీద ఆధారపడుతుంది. మాల్ట్ తీపి బాగా మిగిలిన చిక్కటి స్టౌట్‌లో 60 ఐబీయూ సౌమ్యంగా అనిపించవచ్చు. చక్కెర దాదాపు మిగలని పల్చటి పిల్స్‌నర్‌లో 40 ఐబీయూ పదునుగా తగులుతుంది. నీళ్లు కూడా మాట్లాడతాయి. సల్ఫేట్ ఎక్కువున్న నీళ్లతో చేస్తే చేదు పొడిగా, గీత గీసినట్టు ఉంటుంది. క్లోరైడ్ ఎక్కువుంటే నోరు నిండినట్టు గుండ్రంగా ఉంటుంది. ఇంగ్లండ్‌లోని బర్టన్ ఆన్ ట్రెంట్ ఊరి బావుల్లో జిప్సమ్ (సల్ఫేట్ ఉన్న ఖనిజం) దండిగా ఉండటం వల్లే 19వ శతాబ్దంలో అక్కడి పేల్ ఏల్స్ అంత పేరు తెచ్చుకున్నాయి.

బర్టన్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. ఇండియాకి ఓడల్లో పంపినప్పుడు పాడవకుండా ఉండటం కోసమే ఐపీఏని ప్రత్యేకంగా కనిపెట్టారన్న కథ విస్తృతంగా ప్రచారంలో ఉంది. హాప్స్‌కి బీర్‌ని పాడుచేసే కొన్ని బ్యాక్టీరియాని అణిచే గుణం ఉన్నమాట నిజమే. కానీ హాప్స్ ఎక్కువ వేసి నిల్వ ఉంచే లేత రంగు బీర్లు ఇంగ్లండ్‌లో అప్పటికే ఉన్నాయి. లండన్‌లో హాడ్జ్‌సన్ బ్రూవరీ అలాంటి బీర్‌నే ఓడల వాళ్లకి అమ్మింది. ఆ ప్రయాణాన్ని తట్టుకున్నది లేత రంగు బీర్ ఒక్కటే కాదు, పోర్టర్ అనే నల్లటి బీర్ కూడా అదే దారిలో ఇండియా చేరి అమ్ముడుపోయేది. 1820ల్లో బర్టన్ బ్రూవర్లు రంగంలోకి దిగాక ఈ రకం బీర్ స్థిరపడింది.

పరిమళం వైపుకొస్తే కథ చాలా కొత్తది. అమెరికాలో క్యాస్కేడ్ రకం 1972లో విడుదలైంది. 1980లో మొదలైన సియెరా నెవాడా పేల్ ఏల్ ఆ పంపరపనస తొక్క వాసనని, పైన్ చెట్టు జిగురు వాసనని ఎంతోమందికి పరిచయం చేసింది. అంతకుముందు యూరప్ రకాల్లో గొప్పగా ఎంచింది మట్టి, పువ్వు, గడ్డి, మసాలా వాసనల్ని. ఆ తర్వాత వచ్చిన సిట్రా, మొజాయిక్, ఆస్ట్రేలియా నుంచి గెలాక్సీ, న్యూజిలాండ్ నుంచి నెల్సన్ సావిన్ లాంటివి మామిడి, లిచీ, ప్యాషన్ ఫ్రూట్, తెల్ల ద్రాక్ష వాసనల్ని తెచ్చాయి. ఈ బీర్లలో పండ్లు వేయలేదని చెబితే మొదటిసారి వాసన చూసినవాళ్లు నమ్మరు.

ఆ పండ్ల వాసన ఎక్కడిదన్న ప్రశ్న నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. తైలాల్లో చాలా రకాల్లో ఎక్కువగా ఉండేది మిర్సీన్. దానిది పచ్చి ఆకు, జిగురు వాసన. లినాలూల్‌ది పువ్వు వాసన, జెరానియోల్‌ది గులాబీ వాసన. వీటికి తోడు థయోల్స్ అనే గంధక సమ్మేళనాలున్నాయి. వాటిలో కొన్ని లీటర్‌కి కొద్ది నానోగ్రాములున్నా ముక్కు పట్టేస్తుంది. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లో వంతు. పైగా ఈ వాసనల్లో కొంత భాగం పువ్వులో సిద్ధంగా లేదు. హాప్స్‌లో వాసన లేని రూపంలో కట్టుబడి ఉన్న థయోల్స్‌ని కొన్ని ఈస్ట్ రకాలు విడగొడతాయి. జెరానియోల్‌ని ఈస్ట్ సిట్రోనెల్లోల్‌గా మారుస్తుంది, గులాబీ వాసన నిమ్మ వైపు జరుగుతుంది. అందుకే పులియడం ఇంకా సాగుతుండగా హాప్స్ వేసిన బీర్, పూర్తయ్యాక వేసిన బీర్, రెండింటిలో హాప్స్ ఒకటే అయినా ఒకేలా ఉండవు. ఏ రకం హాప్స్ వేశారని అడగడంతో సరిపోదు. ఎప్పుడు వేశారు, ఏ ఈస్ట్ వాడారు అని కూడా అడగాలి.

పంట విషయంలో చిన్న బ్రూవరీకి ఒక ఇబ్బంది ఉంది. ఒకే రకం హాప్స్ అయినా పొలాన్ని బట్టి, కోసిన వారాన్ని బట్టి వాసన మారుతుంది. ఆలస్యంగా కోసిన వాటిలో కొన్ని రకాలు ఉల్లి, వెల్లుల్లి వాసన వైపు తిరుగుతాయి. పెద్ద ఎత్తున కొనే బ్రూవర్లు కోతల సమయంలో స్వయంగా వెళ్లి, పువ్వుల్ని అరచేతుల్లో నలిపి వాసన చూసి, తమకి నచ్చిన లాట్ ఎంచుకుంటారు. కొద్దిగా కొనేవాళ్లకి సాధారణంగా ఆ అవకాశం రాదు, దొరికిన పెట్టెతో సర్దుకోవాలి. చిన్న బ్రూవరీ బీర్ ఒక విడతలో అద్భుతంగా ఉండి తర్వాతి విడతలో మామూలుగా ఉంటే, అది బ్రూవర్ అశ్రద్ధే కానక్కర్లేదు.

ఇంతకీ "చిన్న" అంటే ఎంత? అమెరికాలో బ్రూవర్స్ అసోసియేషన్ నిర్వచనం ప్రకారం ఏడాదికి 60 లక్షల బ్యారెళ్ల లోపు తీసేది చిన్న బ్రూవరీయే. అంటే దాదాపు 70 కోట్ల లీటర్లు. నేను ఇక్కడ మాట్లాడుతున్నది అంత పెద్దదాని గురించి కాదు, ఒక విడతకి వెయ్యి, రెండు వేల లీటర్లు కాచే చోటు గురించి. అలాంటి చోట చాలావరకు బీర్‌ని పాశ్చరైజ్ చేయరు, గట్టిగా వడకట్టరు. దానివల్ల పరిమళం నష్టపోదు, కానీ బీర్ సున్నితంగా మిగిలిపోతుంది. అసలు శత్రువు ఆక్సిజన్. క్యాన్‌లోకి నింపేటప్పుడు చొరబడిన ఆక్సిజన్ వందకోట్ల భాగాల్లో కొన్ని పదుల భాగాలున్నా హాప్స్ పరిమళాన్ని తినేయడం మొదలుపెడుతుంది. ఖరీదైన యంత్రాలున్న పెద్ద ప్లాంట్లు దీన్ని బాగా అదుపులో పెడతాయి, చిన్న క్యానింగ్ లైన్లకి అది కష్టం. కాబట్టి చిన్న బ్రూవరీ ఐపీఏ కొనేటప్పుడు ఐబీయూ కన్నా, ఆల్కహాల్ శాతం కన్నా ముందు చూడాల్సింది క్యాన్ అడుగున కొట్టిన తేదీ. గడువు తేదీ కాదు, నింపిన తేదీ. ఫ్రిజ్‌లో ఉంచి అమ్ముతున్నారా అన్నది ఆ తర్వాత చూడాలి. నింపిన తేదీ వేయని బ్రూవరీ ఐపీఏని నేను కొనను.

మబ్బుగా ఉండటం గురించి కూడా చెప్పాలి. అమెరికాలోని వెర్మాంట్‌లో ది ఆల్కెమిస్ట్ బ్రూవరీ తీసే హెడీ టాపర్ 2011లో క్యాన్లలోకి వచ్చాక మబ్బు ఐపీఏల మీద మోజు ఊపందుకుంది. 2018లో బ్రూవర్స్ అసోసియేషన్ వీటిని వేరే రకంగా గుర్తించింది. ఓట్స్, గోధుమల నుంచి వచ్చే ప్రోటీన్లు హాప్స్ పాలీఫినాల్స్‌తో కలిసి ఆ మబ్బునిస్తాయి. మబ్బు దానంతటది నాణ్యతకి గుర్తు కాదు. మెరుస్తున్న లేత పసుపు మబ్బు ఒకటి. ఈస్ట్, హాప్స్ నలుసులు తేలే బురద మబ్బు ఇంకోటి. రెండోది గొంతులో గీరినట్టు మంట పెడుతుంది. దాన్ని హాప్ బర్న్ అంటారు. మరీ కొత్తగా నింపిన క్యాన్లలో ఇది ఎక్కువ, వారం పది రోజులు చల్లగా నిలబెడితే నలుసులు దిగి మంట తగ్గుతుంది. అంటే తాజాదనం మంచిదే కానీ, నింపిన రోజే తాగితేనే గొప్ప అనుకోవడం సరికాదు.

ఇప్పుడు గ్లాసు. నేరుగా క్యాన్‌లోంచి తాగితే ఇంతసేపూ చెప్పుకున్న పరిమళంలో చాలా భాగం ముక్కుకి అందదు. సబ్బు జిడ్డు లేని, పొట్ట వెడల్పుగా మూతి కాస్త సన్నగా ఉన్న గ్లాసు కావాలి. ఫ్రీజర్‌లో పెట్టి మంచు పట్టించిన గ్లాసు వద్దు. చల్లదనం ఎక్కువైతే తైలాలు ఆవిరి కావు, నాలుక మొద్దుబారుతుంది. 7 నుంచి 10 డిగ్రీల మధ్య బాగుంటుంది. రెండు వేళ్ల మందాన నురగ వచ్చేలా పోయాలి. బుడగలు పైకి వస్తూ వాసన మోసుకొస్తాయి, పైగా ఐసో-ఆల్ఫా ఆమ్లాలే ఆ నురగని నిలబెడతాయి. అవి నురగలో పోగవుతాయి కాబట్టి, నురగని మాత్రమే కాస్త నోట్లో వేసుకుంటే బీర్ కన్నా చేదుగా ఉంటుంది.

పోసిన వెంటనే వాసన చూడాలి. పొడుగ్గా పీల్చడం కన్నా రెండు మూడు చిన్న పీల్పులు మేలు, ఎందుకంటే ముక్కు చాలా త్వరగా అలవాటుపడి వాసనని లెక్కచేయడం మానేస్తుంది. మొదటి పీల్పులో దొరికిన మాటని వెంటనే మనసులో అనుకోండి. "సిట్రస్" అని ఆగిపోకుండా, అది పండు రసమా, తొక్కా, తొక్క కింది తెల్లటి పొరా అని అడుగుతూ పోతే వాసన విడివడుతుంది. తర్వాత చిన్న గుక్క తీసుకుని, మింగి, నోరు మూసి ముక్కుతో గాలి వదలాలి. గొంతు వెనక నుంచి ముక్కుకి చేరే ఈ వాసననే మనం చాలాసార్లు రుచి అనుకుంటాం. మామిడి వాసన తగిలినప్పుడు బీర్ తియ్యగా ఉందనిపించడం ఇలాంటిదే, నిజానికి చక్కెర అంతగా ఉండకపోవచ్చు. అనుమానముంటే ముక్కు మూసుకుని ఒక గుక్క తాగండి. అప్పుడు మిగిలేది నాలుకకి తెలిసే చేదు, తీపి, కొద్ది పులుపు, బుడగల చురుకు, అంతే.

చేదుకి నాలుక మీద వెనక భాగంలో ప్రత్యేకమైన చోటు ఉందన్న పాత పటం తప్పు. నాలుక అంతటా చేదు తెలుస్తుంది. మనిషిలో చేదుని పట్టే గ్రాహకాలు సుమారు 25 రకాలుంటే, హాప్స్ చేదుకి స్పందించేవి వాటిలో మూడని పరిశోధకులు గుర్తించారు. ఆ స్పందన అందరిలో ఒకేలా ఉండదు, కాబట్టి పక్కవాళ్లకి చేదు లేదన్న బీర్ మీకు చేదుగా ఉంటే మీ నాలుకలో లోపమేమీ లేదు. చేదు మెల్లగా లేచి, మింగిన తర్వాత కూడా పెరుగుతుంది, నెమ్మదిగా దిగుతుంది. వెంటనే రెండో గుక్క వేస్తే మొదటి దాని చేదు మీద ఇది పేరుకుంటుంది. అందుకే గుక్కకీ గుక్కకీ మధ్య కనీసం అర నిమిషం ఆగండి, మధ్యలో నీళ్లు తాగండి. ఆ వ్యవధిలో చేదు శుభ్రంగా తగ్గిపోతే బ్రూవర్ పని బాగుంది. నాలుకని అంగిలికి రాసినప్పుడు గరుకుగా, ఎండినట్టుంటే అది చేదు కాదు, వగరు. టీ ఆకుని మరీ ఎక్కువసేపు మరిగిస్తే వచ్చేదీ ఇదే. పాలీఫినాల్స్ వల్ల వస్తుంది, హాప్స్ ఆకు బీర్‌లో ఎక్కువ కాలం నానిందని చెబుతుంది. చేదు ఎక్కువైందని తిట్టుకునే ఐపీఏల్లో చాలావాటిలో అసలు ఇబ్బంది ఈ వగరే అని నా అభిప్రాయం.

లోపాల్లో కొన్ని మాత్రం తప్పక గుర్తుపట్టాలి. వెన్న వాసన వస్తే డయాసిటైల్. హాప్స్‌లో ఉన్న ఎంజైములు మిగిలిన పిండి చక్కెరల్ని విడగొట్టి ఈస్ట్‌కి మళ్లీ పని కల్పిస్తాయి, అది పూర్తికాకముందే నింపేస్తే ఇలా జరుగుతుంది. జున్ను లేదా పాత సాక్సుల వాసన వస్తే నిల్వ సరిగా లేని ముక్కిన హాప్స్ వాడారన్నమాట. పారదర్శక సీసాలో, ఆకుపచ్చ సీసాలో ఎండ తగిలిన బీర్ నుంచి కుళ్లు గంధకం లాంటి ఘాటు వాసన వస్తుంది. కాంతికి బీర్‌లోని రైబోఫ్లేవిన్ ఉత్తేజపడి ఐసో-ఆల్ఫా ఆమ్లాల్ని విరగ్గొడుతుంది, ఆ ముక్కలు గంధకంతో కలుస్తాయి. దీనికి నేరుగా పడే ఎండలో కొద్ది నిమిషాలు చాలు. గోధుమ రంగు సీసా దీన్ని బాగా అడ్డుకుంటుంది, క్యాన్ పూర్తిగా అడ్డుకుంటుంది.

వీటన్నిటికన్నా తరచుగా ఎదురయ్యేది ఆక్సిజన్ దెబ్బ, దాన్ని మాటల్లో చదవడం కన్నా స్వయంగా చూడటం మేలు. ఒకే రోజు నింపిన రెండు క్యాన్లు తీసుకోండి. ఒకటి ఫ్రిజ్‌లో, ఇంకోటి గదిలో వెచ్చగా ఉండే మూల మూడు వారాలు ఉంచండి. తర్వాత రెండూ ఒకే చల్లదనానికి తెచ్చి, ఏది ఏదో మీకు తెలియకుండా వేరే వాళ్లచేత పోయించుకోండి. వెచ్చగా ఉన్నది రంగులో కాస్త ముదురుతుంది. పండ్ల వాసన ఉండాల్సిన చోట తేనె, పాకం, తడి అట్టపెట్టె వాసన తగలవచ్చు. చేదు మాత్రం రెండు గ్లాసుల్లోనూ దాదాపు సమానంగానే ఉంటుంది.